ఫిలేమోను పత్రిక దగ్గర ఇరుక్కుపోయాం: దాసుడంటే బానిసేనా?

గుండ్లకమ్మ టీచర్ · ఆదివారం రాత్రి 9:42

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర బాప్టిస్టు సంఘం. సండే స్కూల్లో పెద్దపిల్లల క్లాసు నాది, పదమూడు పద్నాలుగేళ్ళ వాళ్ళు. ఇవాళ ఫిలేమోను పత్రిక తీసుకున్నా, ఒనేసిము అనే దాసుణ్ణి యజమాని ఫిలేమోను దగ్గరికి వెనక్కి పంపుతూ పౌలు రాసిన ఉత్తరం. ఒకే అధ్యాయం, 25 వచనాలు, గంటలో తేలిపోతుందనుకున్నా. 16వ వచనం దాటలేదు. ఒనేసిము గురించి "ఇకమీదట దాసుడుగా ఉండక" అని చదువుతుంటే తొమ్మిదో క్లాసు పిల్ల చెయ్యెత్తింది. "మేడమ్, దాసుడంటే బానిసేనా? మరి బానిసని పెట్టుకోవడం తప్పని పౌలు ఒక్క ముక్క రాసేస్తే అయిపోయేదిగా?"

నేను "అప్పటి కాలం వేరమ్మా" అని పేజీ తిప్పేశా. ఉన్నదే ఒక్క అధ్యాయం కదా, తిప్పితే హెబ్రీయులకు రాసిన పత్రిక వచ్చేసింది. పిల్లలు ఒకటే నవ్వు.

వచ్చే ఆదివారం మళ్ళీ అదే పాఠం. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. తిట్టుకోకుండా.

పాత సువార్తికుడు · ఆదివారం రాత్రి 10:20

వందనాలు సిస్టర్. కంగారు పడాల్సిన పనే లేదు. బైబిలు కాలంలో దాస్యం అంటే మన పల్లెల్లో పాలేరు జీతం లాంటిది. అప్పు తీర్చలేనివాడు ఆరేళ్ళు పనిచేసేవాడు, ఏడో ఏట రూపాయి కట్టకుండా వెళ్ళిపోయేవాడు. నిర్గమకాండము 21:2 చూడండి. పోయేటప్పుడు వట్టిచేతులతో పంపొద్దు, మందలోంచి, కళ్ళంలోంచి, ద్రాక్షగానుగలోంచి ఇచ్చి పంపమని ద్వితీయోపదేశకాండము 15లో ఉంది. మనిషిని ఎత్తుకెళ్ళి అమ్మితే మరణశిక్ష. యజమాని కొట్టి కన్ను పోగొట్టినా, పన్ను ఊడగొట్టినా దాసుడికి విడుదల. అమెరికాలో నల్లవాళ్ళని పెట్టిన బాధలకీ దీనికీ ఏ సంబంధం లేదు. పిల్లకి ఆ మాట చెప్పేయండి.

విశాఖ వేణు · ఆదివారం రాత్రి 10:51

పాలేరు జీతమా! పెద్దాయనా, మీరు ఆపిన చోటి నుంచి నేను చదువుతా.

ఆ ఆరేళ్ళ లెక్క హెబ్రీవాడికి మాత్రమే. లేవీయకాండము 25:44 నుంచి 46 దాకా చూడండి. చుట్టుపక్కల జనాల్లోంచి దాసదాసీల్ని కొనుక్కోవచ్చు, పిల్లలకి ఆస్తి రాసిచ్చినట్టు ఇచ్చిపోవచ్చు, వాళ్ళు ఎప్పటికీ దాసులే. పాలేరుని కొడుక్కి వీలునామాలో రాస్తారా ఎక్కడైనా? ఇంకోటి, నిర్గమ 21:20, 21. కర్రతో కొడితే అక్కడికక్కడే చస్తే యజమానికి శిక్ష. ఒకట్రెండు రోజులు బతికాడా, శిక్ష లేదు. కారణం కూడా రాసి పెట్టారు: "వాడు అతని సొమ్మేగదా."

నేనూ సండే స్కూల్లో పెరిగినవాణ్ణే. వారానికొక కంఠత వాక్యం చెప్పకపోతే బిస్కెట్టు ఇచ్చేవాళ్ళు కాదు. పదేళ్ళలో ఈ వచనం మాత్రం ఒక్కసారీ రాలేదు.

గ్రీకు నోట్సు · సోమవారం ఉదయం 7:05

నేను హైదరాబాదులో వేదాంత విద్యార్థిని, మూడో ఏడు. ఇద్దరూ చూపించిన వచనాలు ఆ పుస్తకంలో ఉన్నవే. ఒకే అధ్యాయంలో పన్ను ఊడితే విడుదల అనీ ఉంది, వాడు సొమ్మే అనీ ఉంది. ఒకటి చూపించి రెండోది దాచడం ఎటువైపు నుంచైనా తప్పే.

నాకు ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న నచ్చింది. హీబ్రూలో "ఎబెద్" ఒకటే మాట. ఐగుప్తులో ఇటుకలు చేసినవాడు ఎబెద్, రాజుగారి కొలువులో అధికారి ఎబెద్, మోషే కూడా యెహోవాకి ఎబెద్. గ్రీకులో "దూలోస్" మాత్రం అంత మెత్తని మాట కాదు. సంతలో ధర కట్టి కొన్న మనిషి. పౌలు రోమా పత్రిక మొదట్లో తనని తాను యేసుక్రీస్తు దాసుణ్ణి అని చెప్పుకున్నది ఆ మాటతోనే. మన తెలుగు బైబిల్లో చాలాచోట్ల రెండూ కలిసి "దాసుడు" అయ్యాయి. 1 పేతురు 2:18లో గ్రీకు మాట ఇంకొకటి, ఇంట్లో ఉండే బానిసలు అని. అక్కడ మనవాళ్ళు "పనివారలారా" అన్నారు. ఆ ఒక్క మాటతో బానిసలు కాస్తా జీతగాళ్ళయిపోయారు. పెద్దాయనకి పాలేరు గుర్తొచ్చాడంటే ఆయన తప్పేం లేదు, తర్జుమా అలా వినబడుతుంది మరి.

భద్రాచలం బస్సు · సోమవారం ఉదయం 8:30

నేను క్రైస్తవుణ్ణి కాను, ఊరికే చదివిపోయేవాణ్ణి. ఇది మాత్రం భాష సంగతి కాబట్టి వేలు పెడుతున్నా. తెలుగువాడి చెవికి దాసుడంటే రామదాసే. దాసోహం అన్నా, హరిదాసు అన్నా చేతులు జోడించే మాటే. మా వీధిలో ఒక యేసుదాసు, ఒక దైవదాసు ఉన్నారు. కొడుక్కి "బానిస" అని పేరు పెట్టిన తండ్రిని నేనైతే చూడలేదు. అంటే మీ పుస్తకంలో ఆ మాట మీద మాకు తెలియకుండానే గంధం పూసేశాం. టీచరు గారూ, ఆ ఒక్క వచనంలో దాసుడు తీసేసి బానిస పెట్టి పైకి చదవండి.

గుండ్లకమ్మ టీచర్ · సోమవారం ఉదయం 8:47

చదివాను. "ఇకమీదట బానిసగా కాదు, బానిసకంటే ఎక్కువగా, ప్రియమైన తోబుట్టువుగా."

మా ఆయన పేపరు దించి "ఏంటది, మళ్ళీ చదువు" అన్నాడు.

డాలస్ దివ్య · సోమవారం ఉదయం 11:15

సువార్తికుడు గారు అమెరికాకీ దీనికీ సంబంధం లేదన్నారు. ఇక్కడి యజమానులు మాత్రం సంబంధం ఉందనే అన్నారండీ, మీరూ వేణు గారూ చూపిస్తున్న వచనాలే చూపించి. నోవహు శాపాన్ని ఆఫ్రికావాళ్ళ మీద మోపారు. ఆదికాండము 9:25 తీసి చూడండి, ఆ శాపం హాముకి కూడా కాదు, అతని కొడుకు కనానుకి. ఆఫ్రికా మాటే లేదక్కడ.

ఫ్రెడరిక్ డగ్లస్ పేరు వినే ఉంటారు. బానిసగా పుట్టి పారిపోయి, 1845లో తన కథ తానే రాసుకున్నాడు. ఆయన యజమాని 1832లో మెథడిస్టుల శిబిర కూటానికి వెళ్ళి మారుమనసు పొందాడట. ఇక కాస్త దయగా ఉంటాడేమో అని డగ్లస్ ఆశపడ్డాడు. ఇంకా క్రూరంగా తయారయ్యాడు. కాలిన గాయాలతో చేతులు పనికిరాకుండా పోయిన ఒక అమ్మాయిని కట్టేసి, కొరడాతో కొడుతూ లూకా 12:47 చదివేవాడు. యజమాని చిత్తం ఎరిగీ చెయ్యని దాసుడికి చాలా దెబ్బలు తగులుతాయి అనే వచనం. పొద్దున కొట్టి, అలాగే కట్టేసి ఉంచి, మధ్యాహ్నం వచ్చి మళ్ళీ కొట్టేవాడు. డగ్లస్ ఆ పుస్తకం చివర్లో, ఈ దేశపు క్రైస్తవం వేరు, క్రీస్తు క్రైస్తవం వేరు అని తేల్చి చెప్పాడు.

హోవర్డ్ థర్మన్ అని ఒక నల్లజాతి బోధకుడు ఉండేవాడు. చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మకి బైబిలు చదివి వినిపించడం ఆయన పని. ఆమె బానిసగా బతికిన మనిషి, చదువు రాదు. పౌలు పత్రికలు మాత్రం చదవనిచ్చేది కాదట, ప్రేమ గురించి చెప్పే 1 కొరింథీ 13 తప్ప. యజమాని పిలిపించిన బోధకుడు ఎప్పుడు వచ్చినా "దాసులారా, విధేయులై యుండుడి" మీదే ప్రసంగం చేసేవాడు. విడుదలై చదవడం వస్తే ఆ భాగం జన్మలో చదవను అని ఆమె ఒట్టు పెట్టుకుంది. ఆ ముసలమ్మని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు.

విశాఖ వేణు · సోమవారం మధ్యాహ్నం 1:02

నేననేదీ అదేనమ్మా. పుస్తకంలో లేకపోతే ఆ కొరడావాడికి దొరికేదే కాదుగా.

డాలస్ దివ్య · సోమవారం సాయంత్రం 6:40

దొరికింది, నిజమే. మరి కత్తెర ఎందుకు పట్టుకున్నారో చెప్పండి. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం ప్రత్యేకంగా ఒక బైబిలు అచ్చేశారు. మామూలు ప్రొటెస్టెంటు బైబిల్లో 1,189 అధ్యాయాలు, ఇందులో 232. యోసేపుని అమ్మేసిన కథ ఉంచారు, మోషే జనాన్ని విడిపించి తీసుకెళ్ళిన కథ తీసేశారు. ఎఫెసీ 6:5 ఉంచారు, గలతీ 3:28 తీసేశారు, "దాసుడని స్వతంత్రుడని లేదు" అన్నది. పుస్తకంలో యజమానిని భయపెట్టే సరుకు లేకపోతే ఇంత పని పెట్టుకుంటారా?

విశాఖ వేణు · సోమవారం సాయంత్రం 7:11

సరే, ఇది ఒప్పుకుంటా. రెండు సరుకులూ ఒకే కొట్లో ఉన్నాయని రాసుకుంటా.

గ్రీకు నోట్సు · సోమవారం రాత్రి 10:30

ఆ కొట్లోదే ఇంకొకటి. చెవి కుట్టించుకున్న దాసుడి ప్రసంగం మీ అందరికీ తెలుసు. "నా యజమానుణ్ణి ప్రేమిస్తున్నా, విడుదల వద్దు" అన్నవాణ్ణి ద్వారబంధం దగ్గరికి తీసుకెళ్ళి కదురుతో చెవి గుచ్చుతారు. కన్వెన్షన్లలో దీన్ని దేవుడి మీద భక్తికి గుర్తుగా చెప్తారు, పాట కూడా పాడిస్తారు. కానీ నిర్గమ 21లో ఆ 5వ వచనానికి ముందు 4వ వచనం ఉంది. యజమాని వాడికి పెళ్ళి చేసి ఉంటే, వాడు వెళ్ళేటప్పుడు పెళ్ళాం బిడ్డలు యజమానివే, వాడొక్కడే పోవాలి. అందుకే వాడు అనేది "నా యజమానుణ్ణి, నా భార్యని, నా పిల్లల్ని ప్రేమిస్తున్నా" అని. గుమ్మం దగ్గర నిలబడ్డవాడి ముందున్న దారులు రెండే. పిల్లల్ని వదిలెయ్యాలి, లేకపోతే చెవి ఇవ్వాలి.

పాత సువార్తికుడు · మంగళవారం ఉదయం 5:50

బాబూ, నేను ఆ ప్రసంగం ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను. రాత్రి బైబిలు తీసి నాలుగో వచనం చదివాను. పక్కనే ఉంది, చిన్న అక్షరాలేం కాదు.

నాకు తెలిసిన ఒక సంగతి చెప్తాను, వాదించడానికి కాదు. యిర్మీయా 34వ అధ్యాయం. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ దిగింది. సిద్కియా రాజు, ప్రధానులు భయపడి హెబ్రీ దాసదాసీలందర్నీ విడిచిపెడతామని దేవుడి మందిరంలో నిబంధన చేశారు. దూడని రెండు ముక్కలు చేసి, మధ్యలోంచి నడిచి మరీ ఒట్టు పెట్టుకున్నారు. విడిచిపెట్టారు కూడా. ఇంతలో ఐగుప్తు సైన్యం వస్తోందని బబులోనువాళ్ళు వెనక్కి తగ్గారు. ప్రాణం కుదుటపడగానే వీళ్ళు ఏం చేశారు? వదిలిన మనుషుల్ని మళ్ళీ ఈడ్చుకొచ్చి పనిలో పెట్టుకున్నారు. దేవుడన్నాడూ, మీరు మీ సహోదరులకి విడుదల చాటలేదు, నేను మీకు చాటుతున్నాను, ఖడ్గానికీ తెగులుకీ కరువుకీ మిమ్మల్ని వదిలేస్తున్నాను, అని. ఒక ఊరు కాలిపోవడానికి బానిసల్ని వెనక్కి లాక్కోవడం ఒక కారణంగా రాసిన పుస్తకం ఇది. వేణు బాబుకి ఇది కంఠత వాక్యంగా వచ్చిందా?

విశాఖ వేణు · మంగళవారం ఉదయం 9:15

రాలేదు మాస్టారూ. వస్తే బిస్కెట్టు మిగిలేది.

నంద్యాల నాని · మంగళవారం మధ్యాహ్నం 2:25

మాది ముత్యాలపాడు వైపు. మా తాతల తాతలు ఎస్.పి.జి. మిషన్‌లో, అంటే ఇంగ్లండువాళ్ళ సువార్త వ్యాప్తి సొసైటీలో, బాప్తిస్మం తీసుకున్నారు. మా ఇంట్లో ఎస్.పి.జి. అంటే దేవుడి తర్వాత దేవుడు. ఊరి బయట ఉన్న మావాళ్ళకి పలక పట్టించింది వాళ్ళే, దాన్ని కాదనను.

ఆ సొసైటీకే బార్బడోస్‌లో కోడ్రింగ్టన్ చెరకు తోటలు ఉండేవని నాకు కాలేజీలో ఉండగా తెలిసింది. 1710లో ఒకాయన చనిపోతూ వీలునామా రాసి ఇచ్చాడు, తోటలతో పాటు అందులోని మనుషుల్ని కూడా. కొత్తగా కొన్న బానిసల ఛాతీ మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో "సొసైటీ" అని అచ్చు వేసేవాళ్ళు. పేరులో సువార్త ఉన్న సొసైటీ! బ్రిటిషు ప్రభుత్వం 1833లో చట్టం చేసి బానిసత్వం తీసేసినప్పుడు పరిహారం బానిసలకి కాదు, యజమానులకి ఇచ్చారు. మా సొసైటీకి 411 మందికి గాను 8,823 పౌన్లు ముట్టాయి. ఇంగ్లండు సంఘం సినాడు 2006లో క్షమాపణ తీర్మానం చేసింది.

ఆ 1833 చట్టంలో ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మన నేలని కలపలేదు, అది కూడా చెప్పాలి. ఇక్కడికి 1843 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా వెట్టి పోలేదనుకోండి, పేరు మారింది.

కోనసీమ కొబ్బరి · మంగళవారం మధ్యాహ్నం 3:10

బార్బడోస్ దాకా ఎందుకండీ. మనోళ్ళ ఇళ్ళల్లో పనమ్మాయికి టీ గ్లాసు వేరేగా కిటికీలో బోర్లించి ఉంటదా, ఉండదా? ఆదివారం ప్రభు బల్ల దగ్గర ఒకే గిన్నె, సోమవారం ఇంటికాడ రెండు గ్లాసులు. మా సంఘంలో ఓ పెద్దమనిషి ఉన్నాడు చూడండి, ఆయన...

పరిశీలకుడు · మంగళవారం మధ్యాహ్నం 3:22

కొబ్బరి గారూ, గ్లాసు దాకా ఉంచాను. పెద్దమనిషి గురించి రాసింది తీసేశాను. ఎవరో పోల్చుకునేలా రాయొద్దు.

గుండ్లకమ్మ టీచర్ · మంగళవారం రాత్రి 9:00

నాని గారి మాట చదివాక మా సంగతి కూడా చెప్పాలనిపించింది. 1840లో నెల్లూరు చేరిన మా అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ శామ్యూల్ డే దొరతో 1836లో మొదలైంది. తొమ్మిదేళ్ళకి, 1845లో, అమెరికాలో బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. గొడవ ఏంటంటే, బానిసలున్న యజమానిని మిషనరీగా పంపొచ్చా పంపకూడదా అని. పంపొచ్చన్న దక్షిణాదివాళ్ళు జార్జియాలో అగస్టా అనే ఊళ్ళో చేరి వేరు కుంపటి పెట్టుకున్నారు. 1995లో ఆ తప్పుకి క్షమాపణ చెప్పుకున్నారు. మన తెలుగు మిషన్ ఉత్తరాదివాళ్ళ వైపు ఉండిపోయింది. మా సంఘంలో వార్షికోత్సవానికి డెబ్భై అయిదు పేజీల చరిత్ర పుస్తకం వేశారు, అందులో ఈ చీలిక ఊసే లేదు.

మా ఒంగోలు మిషనరీ క్లౌ దొర కథ మాత్రం అందరికీ తెలుసు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మం. వాళ్ళలో ఎక్కువ మంది మాదిగలు. అంతకు ముందు కరువులో దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకి కూలి దొరికేలా చేశాడు. అయితే ఊళ్ళో భూస్వాములకి మంట పుట్టించిన సంగతి వేరే ఉంది. బాప్తిస్మం పొందినవాళ్ళు ఆదివారం పనికి రామన్నారు. చావు మాంసం తినం, జాతరలో డప్పు కొట్టం, ఆదివారం పొలానికి రాం. డప్పు సంగతి ఎలా ఉన్నా, వారానికొక రోజు పని మానేస్తే ఊరుకుంటారా?

నిన్న రాత్రి ద్వితీయోపదేశకాండము 5 చదువుతుంటే అది గుర్తొచ్చింది. విశ్రాంతి దినం ఎందుకంటే, నీ దాసుడు, నీ దాసి నీలాగే విశ్రమించడానికి అని 14వ వచనం. నీవు ఐగుప్తులో దాసుడవై ఉన్నావని గుర్తుంచుకో అని ఆ తర్వాతది. మా ముత్తవ్వలకి ఈ వచనం చూపించి ఉంటారా అని ఆలోచిస్తున్నా. చూపించకపోయినా ఆ పనే చేశారు.

సాల్మియా సుజాత · బుధవారం తెల్లవారుజామున 1:35

అందరికీ వందనాలు. మాది రాజంపేట పక్క పల్లె. కువైట్‌లో ఖద్దామా పని, అంటే ఇంటిపని, చేస్తాండా, ఏడేండ్లాయ. మేడం పిల్లోల్లు పండుకున్యాక ఫోన్ చూస్తా, అందుకే ఈ టైము. మీరంతా పుస్తకాలు చదివి బాగా మాట్లాడతాండారు. నాకు తెలిసింది నేను చెప్తా.

వస్తానే పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తీసుకున్యాడు. మొదటింట్లో మూడు నెల్ల జీతం ఆపినారు. అడిగితే నిన్ను తెచ్చుకునేదానికి ఏజెంటుకి కట్నాం కదా అంటాది ఆయమ్మ. అంటే నన్ను కొన్నట్టే లెక్క వాళ్ళకు. ఆ ఇంట్లో నా పేరు ఎవురికీ తెల్దు. "తాలీ" అంటారు, ఇట్రా అని. పిల్లోల్లు కూడా తాలీ అనే పిలుస్తారు.

శుక్రవారం కూడికలో ఒకసారి శారయి దాసి హాగరు గురించి చెప్పినారు. చెప్పిన ఆయమ్మ కూడా ఖద్దామానే. శారయి గానీ అబ్రాము గానీ ఆ మనిషిని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవరంట, దాసి దాసి అనే అంటారంట. పేరు పెట్టి పిలిచింది ఎడారిలో దేవుని దూతే. ఇంటికి పోయి మొత్తం చదివితి, నిజమే. ఇంగొకటి, "నన్ను చూసే దేవుడు" అని దేవునికే పేరు పెట్టింది ఆయమ్మే. నాకు ఏడుపొచ్చింది. కానీ అదే దూత, నువ్వు తిరిగి పోయి నీ యజమానురాలికి అణిగి ఉండు అంటాడు. ఆ మాట కాడ మా కూడికలో ఆడోల్లంతా గమ్మునుండిపోయినారు. 21వ అధ్యాయంలో బయటికొస్తాది హాగరు, అది కూడా రొట్టె ముక్క, నీళ్ళ తిత్తి ఇచ్చి తరిమేస్తే. వట్టిచేతులతో పంపొద్దని సువార్తికుడన్న చెప్పినాడే, అబ్రాము కాడ మందలున్యాయి కదా మరి.

నేను గీత గీసి పెట్టుకున్యది యాకోబు 5:4. చేలు కోసినోల్లకు ఇయ్యకుండా బిగబట్టిన కూలి "మొఱ్ఱపెట్టుచున్నది" అని. మనిషి కాదు, కూలే అరస్తా ఉంటాదంట.

విశాఖ వేణు · బుధవారం ఉదయం 8:20

సుజాతక్కా, నా దగ్గర వాదనేం లేదు. ఆ జీతం వచ్చిందా?

సాల్మియా సుజాత · బుధవారం రాత్రి 11:58

రెండు నెల్లది ఇచ్చినారు తమ్ముడూ, ఇల్లు మారేటప్పుడు. ఒక నెలది పోయినట్టే. ఇప్పుటి మేడం పర్వాల్యా, పేరు అడిగింది.

గ్రీకు నోట్సు · గురువారం రాత్రి 10:10

అక్క రాసింది చదివాక ఒక రోజు ఏమీ రాయబుద్ధి కాలేదు. కానీ టీచరు గారికి ఆదివారం దగ్గర పడుతోంది. పౌలు ఎందుకు రాయలేదు అన్నదానికి నాకు తోచింది చెప్తా.

రోము చట్టంలో బానిస పెళ్ళికి విలువ లేదు. కోర్టులో బానిస సాక్ష్యం చిత్రహింస పెట్టి తీసుకునేవాళ్ళు. క్రీ.శ. 61లో పెడానియస్ సెకుండస్ అని రోము నగర అధికారిని అతని బానిస ఒకడు చంపాడు. చంపింది ఒకడు, ఆ ఇంట్లో ఉన్న బానిసలు 400 మంది. ఆడవాళ్ళు, పిల్లలతో సహా అందర్నీ చంపేశారు. పౌలు రోము చెరలో ఉన్నాడని చెప్పుకునే రోజులు కూడా దాదాపు అవే. నాలుగిళ్ళల్లో కూడుకునే చిన్న గుంపు "బానిసలూ, బయటికి రండి" అని కాగితం మీద పెడితే ఎవరి మెడలు తెగేవో తెలుస్తూనే ఉంది.

అయితే ఇది సగం జవాబే. బానిసలకి రాయలేడు, సరే. "యజమానులారా, వదిలెయ్యండి" అని రాయొచ్చుగా? వాళ్ళు సంఘంలో కూర్చుని వినేవాళ్ళే. ఎఫెసీ 6:9లో "బెదరించుట మాని" అనే దాకా వచ్చాడు. కొలొస్సయి 4:1లో దాసులకి న్యాయమైనది, ధర్మమైనది చెయ్యమన్నాడు. బానిసకి న్యాయమైనది ఏంటో చివరిదాకా ఆలోచిస్తే విడుదలే. ఆయన అక్కడిదాకా వెళ్ళలేదు. నాలుగో శతాబ్దంలో నిస్సా ఊరి బిషప్పు గ్రెగొరీ వెళ్ళాడు. ప్రసంగి 2:7 మీద మాట్లాడుతూ, దేవుడి పోలికలో ఉన్న మనిషికి ఎన్ని కాసులు ధర కట్టావు, ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు అని నిలదీశాడు. ఆ కాలంలో అంత సూటిగా అన్నవాళ్ళు అరుదు. అదే కాలపు క్రిసోస్తొము లాంటి మహా బోధకుడు 1 కొరింథీ 7:21ని, విడుదల దొరికినా బానిసగానే ఉండటం మేలు అన్నట్టు చదివాడు. గ్రీకులో ఆ వాక్యం అటూ ఇటూ కాకుండా ఉంటుంది, "దాన్నే వాడుకో" అంటుంది, దేన్నో చెప్పదు. మన తెలుగువాళ్ళు అక్కడ మొహమాటపడలేదు. స్వతంత్రుడవవుటయే మంచిది అని తేల్చేశారు. దాసుడి దగ్గర మెత్తబడ్డ తర్జుమా ఇక్కడ గట్టిగా నిలబడింది.

ఇక ఫిలేమోను. అది ఒక్కడికి రాసిన ఉత్తరం కాదు, రెండో వచనం చూపించండి పిల్లలకి. అప్ఫియకి, అర్ఖిప్పుకి, ఇంట్లో కూడే సంఘానికి అంతటికీ. అందరి ముందు చదవాల్సిన ఉత్తరం. అందులో ఆజ్ఞాపించగలను గానీ వేడుకుంటున్నా అంటాడు. వాడు నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాయి, నేనే తీరుస్తా, నీవే నాకు బాకీ అని చెప్పనేల అంటాడు. నేను చెప్పినదానికంటే ఎక్కువే చేస్తావని తెలుసు అంటాడు. ఆ వెంటనే, నాకు బస సిద్ధం చెయ్యి, వస్తున్నా, అంటాడు. అంటే వచ్చి చూస్తాడన్నమాట! మన ఊళ్ళో పెద్దమనుషులు తగువు తీర్చే తీరు ఇదే.

ఒక మాట మాత్రం జాగ్రత్త. ఒనేసిము పారిపోయాడని అందరం చెప్తాం, పత్రికలో ఆ మాట లేదు. కొద్దికాలం ఎడబాటు అని మాత్రమే ఉంది.

విశాఖ వేణు · గురువారం రాత్రి 10:44

ద్వితీయోపదేశం 23:15 సంగతేంటి మరి? తప్పించుకుని వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించకూడదు అని ఉందిగా. పాత బబులోను రాజు హమ్మురాబి చట్టంలో పారిపోయినవాణ్ణి ఇంట్లో దాచితే మరణశిక్ష, మోషే ధర్మశాస్త్రంలో అప్పగించడమే తప్పు. ఈ ఒక్క దాంట్లో మోషేకి నేను మార్కులు వేస్తా. పౌలు ఏమో ఒనేసిముని వెనక్కి పంపాడు.

పాత సువార్తికుడు · శుక్రవారం ఉదయం 6:05

వేణు బాబూ, దీనికి నా దగ్గర తయారుగా ఉన్న జవాబు ఒకటుంది. ఈసారి చెప్పను. ముందు వెళ్ళి ముందూ వెనకా వచనాలు చదువుకుంటా.

గుండ్లకమ్మ టీచర్ · ఆదివారం మధ్యాహ్నం 2:15

క్లాసు అయింది. దాసుడు అన్నచోటల్లా బానిస అని చదివించా. ఉత్తరం అందరి ముందు చదివారని చెప్పి, ఒకణ్ణి ఫిలేమోనుగా, ఒకణ్ణి ఒనేసిముగా నిలబెట్టి చదివించాం. "బస సిద్ధము చేయుము" దగ్గర ఫిలేమోనుగా ఉన్న పిల్లాడు నిజంగానే మెడ గోక్కున్నాడు. చెవి కుట్టడం గురించి చెప్తే ఎవరూ మాట్లాడలేదు. సుజాతక్క సంగతి పేరు లేకుండా చెప్పా. ముగ్గురు పిల్లల తల్లులు కువైట్‌లోనే ఉన్నారు, ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

చివర్లో ఆ పిల్లే మళ్ళీ చెయ్యెత్తింది. "మేడమ్, వెనక్కి పంపేముందు ఒనేసిముని ఎవరైనా అడిగారా, వెళ్తావా అని?"

పత్రికలో లేదమ్మా అన్నా. ఈసారి పేజీ తిప్పలేదు.

గ్రీకు నోట్సు · ఆదివారం మధ్యాహ్నం 3:30

కొలొస్సయి 4:9 కూడా చూపించండి. తుకికుతో పాటు ఒనేసిముని పంపుతున్నా అని ఉంటుంది, "నమ్మకమైన ప్రియ సహోదరుడు" అని ఉంటుంది, దాసుడని ఉండదు. కానీ అదే పత్రిక 3:22లో "దాసులారా, విధేయులై యుండుడి" ఉంది. ఆ ఉత్తరాన్ని సంఘంలో విప్పి చదువుతున్నప్పుడు అతను అక్కడే ఎక్కడో నిలబడి ఉండాలి కదా. 3:22 దగ్గర అందరూ ఎవరి మొహం చూసి ఉంటారు?

గుండ్లకమ్మ టీచర్ · ఆదివారం మధ్యాహ్నం 3:41

అయ్యో. అయితే వచ్చే ఆదివారం కూడా ఇదే పాఠం.